కౌన్సెలర్ ఎవరి మనిషి?

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో చనిపోయింది. ఆ కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. ఎంతో అవసరమైన ఆదేశం. కానీ మనిషిని పెట్టగానే పిల్లలు నోరు విప్పుతారా?

"మా నాన్నకు చెప్తారా మేడమ్?" శ్రీకాకుళం నుంచో అరకు నుంచో వచ్చి ద్వారకానగర్, మద్దిలపాలెం హాస్టళ్లలో ఉండే కుర్రాళ్ల మనసులో ముందు మెదిలే ప్రశ్న ఇదే. పైకి అడగరు. నిద్ర పట్టట్లేదనో, తలనొప్పనో మొదలుపెట్టి ఎదుటివాళ్ల ముఖం చూస్తారు. ఏ మాట దగ్గర పెన్ను తీశారో కనిపెడతారు. కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గదిని ఆనుకుని ఉండి, గుమ్మం దగ్గర రిజిస్టర్లో పేరు, సెక్షన్ రాసి లోపలికెళ్లాల్సి వస్తే మాట తలనొప్పి దాటదు. జీతమిచ్చేది కాలేజీ, ఫీజు కట్టేది నాన్న. మరి ఈమె ఎవరి తరఫు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఉత్తర్వు లాంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. కాలేజీ కౌన్సెలర్లూ ఇదే గీత మీద నిలబడాలి, దాన్ని మొదటి రోజే చెప్పాలి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్తాను, ముందు నీకు చెప్పాకే." ఇలా అంటే బెదిరిపోతారని కొందరి భయం. నాకలా అనిపించదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తేనే అసలు నష్టం. ఆ సంగతి రాత్రికల్లా హాస్టలంతా పాకుతుంది. ఇక ఆ గది గడప తొక్కేవాళ్లుండరు.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని ఇప్పటికీ 'పిచ్చాసుపత్రి' అనే ఊళ్లో, ఎవరైనా చూస్తారన్న భయాన్ని తేలిగ్గా తీసేయలేం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఎవరి కంటా పడనక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. అయినా రోజూ కళ్లెదుట ఉండే మనిషి లోటు ఫోన్ తీర్చలేదు.

కాబట్టి యాజమాన్యాలు ముందు ఆ రిజిస్టర్ తీసేయాలి. నెలకు ఎంతమంది వచ్చారన్న లెక్క అడగొచ్చు, పేర్లు అడగకూడదు. అడ్మిషన్ రోజే ఈ గోప్యత షరతు మీద తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి.