స్విచ్చు నొక్కితే శుద్ధి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం తదితర ప్రాంతాల్లో నివసించే తెలుగు పెద్దమనుషులందరికీ తెలియజేయడమేమనగా, పంది మాంసానికి అంటు పోయింది. నిన్నటిదాకా సంతలో ఆ వరస ఎదురైతే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, అవసరమైతే ఆటోని చుట్టు తిప్పించుకుని వెళ్ళినవారు ఇకమీదట అంత అవస్థ పడనక్కర్లేదు. పుణ్యాహవాచనం అక్కర్లేదు, పంచగవ్యం అక్కర్లేదు. స్లో కుక్కరు అనే ఒక కరెంటు కుండ, ఒక డబ్బా కోలా, ఎనిమిది గంటల ఓపిక చాలు. అయితే స్విచ్చు మాత్రం అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి చేతే నొక్కించాలి. ఊళ్ళో పుట్టి ఊళ్ళోనే ఉండిపోయినవాడు నొక్కితే మంత్రం పారదు.

విధానం చెబుతాను, రాసుకోండి. జబ్బ మాంసం రెండు కిలోలు, కొట్టకుండా ఒకే ముక్కగా, ఎముకతో సహా తీసుకోవాలి. ఉప్పు, మిరియాల పొడి, వెల్లుల్లి, కాస్త ఆవపొడి పట్టించాలి. కుండ అడుగున ఉల్లి చక్రాలు పరిచి, మీద మాంసం పెట్టి, కోలా పొయ్యాలి. మూత పెట్టి ‘లో’ (తక్కువ సెగ) మీద ఎనిమిది నుంచి పది గంటలు వదిలెయ్యాలి. ముక్క లోపలి వేడి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి ఎముక పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. అప్పుడు రెండు ఫోర్కులతో అటూ ఇటూ లాగితే పీచులు పీచులుగా విడిపోతుంది. దిగిన నీరు, కొవ్వు వంచేసి, కెచప్పు, వెనిగరు, బెల్లప్పొడి, ఆవముద్ద, మిరప్పొడి కలిపి మరిగించిన సాసు పట్టించి బన్నులో పెట్టుకుని తినాలి. అమెరికాలో కోలాకి బదులు రూట్ బీరో డాక్టర్ పెప్పరో పోసేవాళ్ళూ ఉన్నారు.

ఇందులో మాయేమీ లేదు. జబ్బ అంటే ఆ జంతువు బతికినన్నాళ్ళూ పనిచేసిన కండ. అందులో కొలాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. గబగబా వేయిస్తే పళ్ళకి పని. సన్నసెగ మీద గంటల తరబడి ఉంచితే ఆ కొలాజెనే కరిగి జెలటిన్ అనే మెత్తని జిగురు అవుతుంది. కోలా చేసే ఘనకార్యం తీపి, రవ్వంత పులుపు, అంతే. మాంసాన్ని మెత్తబరిచేది సెగా, సమయమూ. ఈ సంగతి మా నియమగిరి కొండల కింద మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టుకునే ఏ ముసలమ్మని అడిగినా చెబుతుంది. కాకపోతే ఆవిడ దగ్గర వారంటీ కార్డు ఉండదు.

యంత్రం చరిత్ర కూడా మనకి నచ్చేదే. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా ఇంజినీరు 1936లో దీని పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి, జయపురం తెలుగువాళ్ళని గీతకి ఇవతల ఉంచేసింది. నాక్సన్‌కి 1940లో పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుని, మర్నాటి ఏడు క్రాక్‌పాట్ పేరుతో బజార్లోకి వదిలింది. అసలు ఆయనకి ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే, లిథువేనియాలో ఉన్న యూదుల ఇళ్ళ వంట నుంచి. శనివారం వాళ్ళు నిప్పు ముట్టించకూడదు కాబట్టి శుక్రవారం సాయంత్రమే కుండని బేకరీ పొయ్యిలో వదిలేసేవాళ్ళు. తెల్లారేసరికి గింజలూ మాంసమూ ఉడికి ఉండేవి. అంటే పంది ముట్టని వాళ్ళ వంట చూసి పుట్టిన యంత్రంలో పంది ఉడుకుతుంటే, పంది ముట్టని మన పెద్దమనుషులు చుట్టూ కూర్చున్నారు. లెక్క సరిపోయింది.

ఇక మొన్న సంక్రాంతి తర్వాత ఆదివారం రాయగడలో మా కాలనీలో జరిగిన మహోత్సవం సంగతి. ఆతిథ్యం ఇచ్చినవారు కరెంటు శాఖలో ఇంజినీరుగా రిటైరైన పెద్దాయన. అబ్బాయి ఉండేది నార్త్ కరోలినాలో. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన కుండని పూజగది ఎదురుగా బల్ల మీద పెట్టారు. మొదటి విఘ్నం అక్కడే. అది 120 వోల్టుల కుండ, మనది 230 వోల్టుల ఊరు.

“నాన్నా, డైరెక్టుగా పెట్టకు, కాలిపోతుంది.”

“నాకు చెబుతావేంట్రా? వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలు.”

“అయితే మరీ మంచిదండీ, ఎనిమిది గంటల పని రెండు గంటల్లో అయిపోతుంది” అన్నారు పక్కింటి ఇన్సూరెన్సు ఏజెంటుగారు. ఈ ప్రతిపాదన మీద కాసేపు గంభీరంగానే చర్చ జరిగింది. చివరికి విశాఖపట్నం నుంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించారు. అది మాంసం కన్నా బరువుంది.

రెండో విఘ్నం పానీయం. అబ్బాయి రాసుకొచ్చిన కాగితంలో రూట్ బీరు అని ఉంది. అందులో సారా చుక్క కూడా ఉండదని అబ్బాయి విప్పి చెప్పగానే ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు, మగవాళ్ళు నీరుగారిపోయారు. పోనీ థమ్సప్ పోద్దామన్నారు. 1977లో కోకాకోలా దేశం వదిలిపోయిన ఏడాదే పుట్టి, 1993లో తిరిగొచ్చిన అదే కోకాకోలా చేతికి అమ్ముడుపోయిన సరుకు కాబట్టి స్వదేశీ వర్గమూ విదేశీ వర్గమూ రెండూ శాంతించాయి.

పొద్దున్న తొమ్మిదికి స్విచ్చు నొక్కారు. చప్పట్లు. ఆ తర్వాత చేయడానికి ఎవరికీ పనిలేదు. జనం మాత్రం కదలరు. ఐసీయూ బయట కూర్చున్న బంధువుల్లా కుర్చీలు లాక్కుని, గాజు మూతకి పట్టిన ఆవిరినే చూస్తూ కూర్చున్నారు. మూత తీస్తే వేడి పోతుందనీ, తీసిన ప్రతిసారీ మరో ఇరవై ముప్ఫై నిమిషాలు కలుపుకోవాలనీ అబ్బాయి ముందే హెచ్చరించాడు. కానీ వంటింట్లో ఒక గిన్నె మీద ఏడు గంటలు మూత తీయకుండా ఉండటం ఆంధ్ర స్త్రీ చరిత్రలో ఎన్నడూ జరగలేదు. పెద్దావిడ చెంగు చాటున అల్లంవెల్లుల్లి ముద్ద పట్టుకుని మెల్లగా వచ్చారు.

“అమ్మా! మూత!”

“చూస్తున్నాను రా, అంతే. ఉప్పు సరిపోయిందో లేదో.”

“అమ్మా, అది పచ్చి మాంసం, ఉప్పెలా చూస్తావు?”

ఆవిడ ఆ ముద్ద ఎప్పుడు వేశారో తెలీదు గానీ వేశారు. వేసినందువల్లే తినడానికి వీలైందని నా స్థిరమైన అభిప్రాయం.

పన్నెండు దాటాక కరెంటు పోయింది. అబ్బాయి మొహం పాలిపోయింది. మాంసం అయిదు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయనీ, రెండు గంటలు దాటితే పారెయ్యడమేననీ చెప్పాడు. పారెయ్యడమా! కాలనీ ఒక్కతాటి మీద లేచింది. ఒకరు రగ్గు తెచ్చారు. ఒకరు బొంత. ఒకరు మంకీ క్యాప్ తీసి మూత మీద తొడిగారు. పెద్దాయన సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి తన పాత హోదా గుర్తుచేశారు. “ఇంట్లో సీరియస్ కేసు ఉందయ్యా” అన్నారు. ముప్పావు గంటలో కరెంటు వచ్చింది. రాయగడలో ఇది రికార్డు.

రాత్రి ఎనిమిదికి వడ్డన. షుగరు ఉన్నవాళ్ళు మాత్ర వేసుకుని మరీ వరసలో నిలబడ్డారు. అమెరికా వాళ్ళ 355 మిల్లీలీటర్ల కోకాకోలా డబ్బాలో చక్కెర 39 గ్రాములు. ఇక్కడ డబ్బా కాదు, పెద్ద సీసా వంచారు, దానిపైన బెల్లం. “నమలక్కర్లేదండీ!” “అసలు వాసనే లేదండీ!” “ఎంత హైజీనిక్‌గా ఉందో!” ఒకాయన రెండో బన్ను అందుకుంటూ, కాస్త అనుమానంగా, “ఇది మన పంది కాదు కదా బాబూ?” అన్నారు. “ఛ ఛ” అన్నారు పెద్దాయన.

మన పందే. సంతలో అడ్డాకు మీద కుప్పగా పోసి అమ్మే అదే నల్ల పంది. మరి కరోలినా నుంచి జబ్బ చీరల్లో చుట్టి తేలేదు కదా. పెద్దాయన స్వయంగా ఆ వరసలోకి వెళ్ళలేరు కాబట్టి డ్రైవరుని పంపారు. “ఇంత ముక్క కొట్టకుండా ఏటి సేసుకుంటారు బాబూ?” అని అడిగాడట అమ్మే మనిషి. తెల్లారకముందే ఆ మనిషే, వెనక గేటు దగ్గరికి, నాలుగు పొరల పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి తెచ్చాడు. కవరు గట్టు మీద పెట్టమన్నారు. డబ్బులూ గట్టు మీదే పెట్టారు. మంచినీళ్ళు అడిగితే వీధి కుళాయి చూపించారు.

అదే కాలనీలో రెండేళ్ళ కిందట ఒక నర్సమ్మ అద్దెకుండేది. కొండ మీది పిల్ల. ఆదివారం పూట తమ్ముడొస్తే పంది మాంసం వండింది. మూడు విజిల్సు. నాలుగో విజిల్ రాకముందే ఇంటి ఓనరు తలుపు కొట్టాడు. నెల తిరక్కుండా సామాను ఆటోలో ఎక్కించారు. కాలనీ మీటింగులో దాన్ని ‘శుభ్రత సమస్య’ అన్నారు. ఆ పిల్ల తప్పల్లా ప్రెషర్ కుక్కరులో వండటం. స్లో కుక్కరులో వండి ఉంటే పిలిచి గృహప్రవేశం చేయించేవాళ్ళేమో.

సిగ్గుండాలి. ఆ మీటింగులో చెయ్యెత్తినవాళ్ళే మొన్న బన్నుల వరసలో ముందున్నారు. వెనక గేటు దగ్గరికి వచ్చిన ఆ మనిషి కోసిన మాంసం మీ ఇంట్లో పదకొండు గంటలుంది. మీ పళ్ళెంలోకి వచ్చింది, కడుపులోకి వెళ్ళింది. అరగలేదని ఎవరూ అనలేదు. ఆయన దాహానికి మాత్రం మీ ఇంట్లో గ్లాసు లేదు! బుధవారం చాటికొన సంతకి డొంగ్రియా కొంధు ఆదివాసీ ఆడవాళ్ళు కొండ దిగి తెచ్చే అనాస, పసుపు, అల్లం బేరమాడి బుట్టలకి బుట్టలు తెచ్చుకుంటారు. వాళ్ళు కుట్టే కప్డాగండా శాలువాకి 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చాక అది కాలనీ భుజాల మీదికి ఎక్కింది. కుట్టిన మనిషి వరండా ఎక్కకూడదు. ఆచారం అంటారేమో, ఆచారం అయితే మొన్న ఆదివారం ఎక్కడికి పోయింది? ట్రాన్స్‌ఫార్మర్లో దిగిపోయిందా?

ఆరోగ్యం అంటారు కొందరు. పంది మాంసం తింటే మెదడులో పురుగులు చేరతాయని మా పిల్లలకి కథలుగా చెప్పారు. సరిగ్గా ఉడకని మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు చేరడం నిజమే. మెదడులో తిత్తులు కట్టేది మాత్రం మాంసం వల్ల కాదు, ఆ పురుగు గుడ్ల వల్ల. ఆ గుడ్లు బయటికొచ్చేది మనిషి మలంలో. మురికి నీళ్ళలో కడిగిన కొత్తిమీర ద్వారా, చేతులు కడుక్కోని వంటవాడి ద్వారా నోట్లోకి పోతాయి. జన్మలో మాంసం ముట్టని శాకాహారికీ ఆ జబ్బు వస్తుంది. ఈ ముక్క కాలనీ మీటింగులో చెప్పి చూడండి, టీ కూడా ఇవ్వరు.

పోనీ ఆ కరోలినా సంగతైనా తెలుసుకున్నారా? అక్కడ తూర్పు ప్రాంతంలో అసలు బార్బిక్యూ అంటే పందిని పూర్తిగా కట్టెల నిప్పుల మీద రాత్రంతా కాల్చి, వెనిగరూ మిరపకాయలూ కలిపిన సాసు పోసేది. అందులో టమాటా ఉండదు. కరెంటు కుండలో పొగ లేదు, వేడి నీళ్ళు మరిగే స్థాయి దాటదు కాబట్టి మాంసం పైన ఎర్రగా కాలదు. అక్కడి పెద్దలు చూస్తే దాన్ని ఉడకబెట్టిన మాంసం అంటారు గానీ బార్బిక్యూ అనరు. కర్రల పందిరి మీద మాంసం పెట్టి నిప్పు మీద కాల్చడం కరీబియన్ దీవుల ఆదివాసులది. అమెరికా దక్షిణాదిలో గుంతలు తవ్వి, రాత్రంతా మేలుకుని నిప్పు కాసింది బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు. అక్కడా వండినవాళ్ళు గేటు బయటే, తిన్నవాళ్ళు లోపల. మన అబ్బాయి కుండతో పాటు అదీ తెచ్చాడనుకుందామంటే, మన దగ్గర ఆ సరుకు ముందునుంచే దండిగా ఉంది.

మిగిలిన మాంసం మర్నాడు పనిమనిషికి ఇచ్చారు, పారేసే ప్లాస్టిక్ డబ్బాలో. ఆవిడ గేటు దగ్గరే రుచి చూసి, “ఇది పాడైపోనాదేటమ్మా, తియ్యగుంది?” అంది. పెద్దావిడకి కోపం వచ్చింది. నాకు ఆ రోజంతా ఆకలి బాగా వేసింది.

ఇంతకీ కాలనీ సంక్షేమ సంఘం నిన్న సాయంత్రం ఏకగ్రీవంగా తీర్మానించింది. వచ్చే సంక్రాంతికి కరోలినా పద్ధతిలో పందిని పూర్తిగా కాల్చాలి. నాలుగడుగుల గుంత, రెండు బండ్ల కట్టెలు, రాత్రంతా నిప్పు చూసేందుకు అనుభవం ఉన్న మనిషి కావాలి. కూలి రేటు మీద ఇంకా బేరం నడుస్తోంది. వెనక గేటుకి కొత్త తాళం మాత్రం అప్పుడే కొన్నారు.