మనసు విప్పితే రిలీవింగ్ లెటర్ ఆగింది

ఉద్యోగం మానేసేవాళ్లతో కంపెనీ చివర్లో జరిపే ఎగ్జిట్ ఇంటర్వ్యూ గురించి ఒక వ్యాసం చదివాను. అక్కడ ఉద్యోగి మొహమాటం లేకుండా మనసు విప్పి మాట్లాడాలని అందులో హెచ్‌ఆర్ నిపుణులు అన్నారు. వినడానికి బాగుంది. నేను మాట్లాడాను కూడా. మాదాపూర్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్లు చేసి మానేసినప్పుడు, మేనేజర్ ఆదివారాలు కూడా ఫోన్ చేసి పని చెప్పేవాడని ఉన్నదున్నట్టు చెప్పేశాను. హెచ్‌ఆర్ అమ్మాయి తల ఊపుతూ అంతా టైప్ చేసుకుంది. వారం తిరక్కుండానే ఆ మాటలు మేనేజర్ చెవిన పడ్డాయి. ల్యాప్‌టాప్ బ్యాగు జిప్పు ఊడిందని నా క్లియరెన్స్ ఆపేశారు. జిప్పండీ! క్లియరెన్స్ లేక, పని నుంచి వదిలేశామని కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ రాలేదు. అదేదంటూ కొత్త ఆఫీసు నుంచి రోజుకో మెయిలు, ఒకటే టెన్షన్.

వ్యాసంలో డబ్బుల సంగతి అసలు రాలేదు. రాజీనామా చేసినవాళ్లకు కూడా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని 2019 వేతనాల కోడ్ 17వ సెక్షన్ చెబుతోంది. నా ఆఫర్ లెటర్‌లో మాత్రం 45 రోజులని ఉండేది.

ఇక పీఎఫ్. పాత కంపెనీ మనం మానేసిన తేదీ వేయకపోతే బ్యాలెన్స్ మార్చుకోవడం దగ్గర పీటముడి పడుతుంది. దానికి వాళ్ల కాళ్లావేళ్లా పడక్కర్లేదు. చివరి చందా జమైన రెండు నెలల తర్వాత యూఏఎన్ (మన పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్'కి వెళ్లి, ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. తేదీ మాత్రం పేస్లిప్పు పక్కన పెట్టుకుని వేయండి. నాకు ఈ ముక్క చెప్పింది ఏ హెచ్‌ఆరూ కాదు, టీ కొట్టు దగ్గర కలిసిన పాత కొలీగ్.