పాటలో కాస్త చోటు మిగల్చండి

విడిగా విడుదలైన కొత్త పాట, అంటే సింగిల్, చేతికి రాగానే నేను పాటంతా వినను. మొదటి పదిహేను సెకన్లు వింటాను, తర్వాత నేరుగా చివరి పదిహేను సెకన్లకు వెళతాను. మధ్యలో ఉన్నదంతా శ్రోతలది, ఆ రెండు కొసలే డీజేవి. నడుస్తున్న పాటను దించి కొత్తదాన్ని ఎక్కించాలంటే కనీసం 32 బీట్ల పాటు గొంతు లేని దరువు కావాలి. ఇప్పుడొస్తున్న పాప్, హిప్‌హాప్ పాటల్లో ఆ దరువు దొరకడం గగనమైపోయింది. మీట నొక్కీ నొక్కగానే గొంతు మొదలవుతుంది, గొంతు ఆగీ ఆగగానే పాట అయిపోతుంది. గుమ్మం లేని ఇంట్లోకి గోడ దూకి వెళ్లినట్టుంటుంది మా పని.

ఇందులో కళాకారుల బద్ధకమేమీ లేదు, అంతా లెక్క. పాటల యాప్ స్పాటిఫైలో పాటను 30 సెకన్లు వింటే గానీ అది ఒక స్ట్రీమ్ కింద జమ కాదు. ఆలోపు శ్రోత వేలు పక్క పాట మీదికి జారకుండా ఆపాలి. అందుకే పల్లవిని ముందుకు లాగారు, గొంతుకు ముందొచ్చే వాద్యాల భాగాన్ని, అంటే ఇంట్రోను, కత్తిరించారు. పాట పొట్టిగా ఉంటే మళ్లీ వింటారు, మళ్లీ వింటే మళ్లీ జమ. 2018 డిసెంబరులో వచ్చిన లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ తొలి రూపం నిడివి 1 నిమిషం 53 సెకన్లు. బిల్లీ రే సైరస్ గొంతు కలిపిన రీమిక్స్ కూడా మూడు నిమిషాలకు చేరలేదు. అయినా 2019లో అమెరికా పాటల వారపు జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానం వదల్లేదు. అది చూశాక పాటకు ఇంకో నిమిషం చేర్చమంటే ఏ నిర్మాత వింటాడు?

దీని వల్ల ఒక వింత జరిగింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఓ అపార్ట్‌మెంట్ వేడుకల గదిలో డీజే కూల్ హెర్క్ పాటలు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. పాటలో వాద్యాలన్నీ తప్పుకుని డ్రమ్స్ ఒక్కటే మిగిలే చోట జనం విరగబడి ఆడుతున్నారని హెర్క్ గమనించాడు. ఆ ముక్క కొన్ని సెకన్లే ఉండేది. ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క అందుకుంటూ దాన్ని సాగదీసేవాడు. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే. పాట మొదట్లో దొరికిన నాలుగు బీట్లను మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేసి, దాన్నే ఇంట్రోగా సాగదీస్తున్నాను. హెర్క్‌కు డ్రమ్స్ ముక్క చాలలేదు, నాకు పాటే చాలడం లేదు.

పొట్టి పాటలన్నీ పనికిరానివని మాత్రం అనను. 2022లో వచ్చిన లిల్ ఊజీ వర్ట్ ‘జస్ట్ వాన్నా రాక్’ రెండు నిమిషాల పాట, మాటలు లేవన్నా తప్పులేదు. న్యూజెర్సీ క్లబ్బుల్లో పుట్టిన ఆ తడబడే కిక్ డ్రమ్ నడకే అందులో సర్వస్వం. గొంతు పక్కకు తప్పుకుని ఆడేవాళ్లకు చోటు వదిలింది. నా కొలబద్ద ఇదే. నిడివి ఎంతన్నది ఆ తర్వాత, ముందు పాటలో ఖాళీ ఎంతుందో చూస్తాను.

ఈ కొలబద్దతో చూస్తే ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు బాగా అక్కరకొచ్చిన జంట 2024 నాటిది. సబ్రీనా కార్పెంటర్ ‘ఎస్ప్రెస్సో’ ఏప్రిల్‌లో వచ్చింది, కెండ్రిక్ లమార్ ‘నాట్ లైక్ అస్’ మే మొదటి వారంలో. ఒకటి మిఠాయి లాంటి పాప్, ఇంకొకటి కత్తి దూసిన ర్యాప్. పైకి ఉప్పూ నిప్పూలా కనిపించే ఈ రెండింటి వేగం మాత్రం దాదాపు ఒకటే: ‘ఎస్ప్రెస్సో’ నిమిషానికి సుమారు 104 బీట్లు, ‘నాట్ లైక్ అస్’ సుమారు 101. వేగం మీటను మూడు శాతం కిందికి జరిపితే రెండూ కలిసి అడుగులేస్తాయి. ‘ఎస్ప్రెస్సో’ చివరి పల్లవి దగ్గర దాని బేస్‌ను, అంటే అడుగున మోగే లోతైన ధ్వనిని, పూర్తిగా తగ్గిస్తాను. గిటారు గిలిగింతలు పైన తేలుతుంటాయి. కింద నుంచి రెండో పాట బేస్ మెల్లగా ఎక్కుతుంది. నాలుగైదు సెకన్ల పాటు ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ‘నాట్ లైక్ అస్’లోని తీగల వాద్యపు చిన్న ముక్క వినిపించగానే తలలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి.

నిర్మాత మస్టర్డ్ కట్టిన ఆ పాట బాణీలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: తిరిగి తిరిగి వచ్చే ఆ తీగల ముక్క, బరువైన బేస్, చప్పట్లు. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని కెండ్రిక్ కొంత నింపి, మిగిలింది జనానికి వదిలాడు. ‘ఏ మైనర్’ అనే శ్లేష దగ్గర (సంగీతంలో అదొక స్వరాల కూర్పు పేరు, మామూలు మాటల్లో మైనరు అని అర్థం) ఆ చివరి మాటను లాగి లాగి పాడతాడు. అక్కడ ధ్వని మొత్తం తగ్గించేస్తే జనమే అందుకుని పూర్తి చేస్తారు. ఆ మాటల వెనక మరో ర్యాపర్ డ్రేక్ మీద తీవ్రమైన అభియోగం ఉంది, అతడు దాన్ని ఖండించాడు కూడా. అంతటి ఆరోపణకు చేతులెత్తి చిందులేసే జనాన్ని చూస్తే నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అయినా వేస్తాను. ఇంకో మాట: ఈ పాట నిడివి నాలుగున్నర నిమిషాల పైనే. పొట్టిగా ఉంటేనే పాకుతుందన్న సూత్రాన్ని ఇదే తోసిపారేసింది. 2025 గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ద ఇయర్, సాంగ్ ఆఫ్ ద ఇయర్ సహా ఐదు పురస్కారాలు పట్టుకెళ్లింది.

రోజే, బ్రూనో మార్స్ కలిసి పాడిన ‘ఆపట్’ సంగతి వేరు. వేగం 149 దగ్గర ఉంటుంది. 101 నుంచి అక్కడికి మీట జరుపుకుంటూ వెళ్లడం కుదరదు, గొంతులు చీలిపోతాయి. అందుకే ఒక బీటు పాటు అంతా నిశ్శబ్దం చేసి, కొరియన్ల మద్యం ఆట నుంచి తెచ్చిన ఆ నినాదంతో నేరుగా మొదలుపెడతాను. కేకలు మారుమోగుతాయి. కానీ రెండో పల్లవి అయ్యేసరికి జనం ఫోన్లు తీస్తారు. అందరూ కలిసి అరిచే పాటకూ అందరూ కలిసి ఆడే పాటకూ తేడా ఉందని నాకు తేల్చిచెప్పింది ఇదే.

చార్టు చెప్పేది, మా ముందు జనం ఆడే నేల చెప్పేది ఒకటి కావు. టెడ్డీ స్విమ్స్ ‘లూజ్ కంట్రోల్’ హాట్ 100లో వంద వారాలు దాటి నిలిచింది. అంత నెమ్మది పాటను రాత్రి పదకొండింటికి వేస్తే సగం మంది మంచినీళ్లకు వెళతారు. కెండ్రిక్, సీజా పాడిన ‘లూథర్’ 2025లో 13 వారాలు మొదటి స్థానంలో ఉంది. పాత తరం గాయకుడు లూథర్ వాండ్రాస్ గొంతును అందులో కలిపిన తీరు నాకెంతో ఇష్టం. కానీ దాన్ని దీపాలు వెలిగించే ముందు, ఆఖరి పాటగా తప్ప మరెక్కడా వాడలేను.

అదే ‘లూథర్’ పేరు మీద 2025 అక్టోబరులో పెద్ద గోల జరిగింది. అక్టోబరు 25 తేదీ హాట్ 100లో మొదటి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాటా లేదు. 1990 తర్వాత అలా కావడం అదే మొదటిసారి. హిప్‌హాప్ చచ్చిపోయిందని శోకాలు పెట్టినవాళ్లలో చాలామంది ఒక చిన్న విషయం పట్టించుకోలేదు. పాత పాటలను జాబితా నుంచి తొలగించే నిబంధనను బిల్‌బోర్డ్ అప్పుడే కఠినం చేసింది, ‘లూథర్’ దాని కిందే బయటకు పోయింది. అయితే శోకంలో కొంత నిజం లేకపోలేదు. కొన్నేళ్లుగా ర్యాపర్లు చాలామంది హెడ్‌ఫోన్లో ఒంటరిగా వినేవాడి కోసమే పాడుతున్నారు. బేస్ బురదలా పరుచుకుంటుంది, గొంతు గొణుగుతుంది, ఊపిరాడే సందు ఉండదు. మరోపక్క వాళ్లు వదిలేసిన డ్రమ్స్, చప్పట్లు పాప్ గాయనుల పాటల్లో హాయిగా స్థిరపడ్డాయి. సొంతింటి సామాను పక్కింట్లో వాడుకుంటున్నారు.

నాకో నియమం ఉంది: ఒక రాత్రి ఒక పాట ఒక్కసారే. 2024 జూన్ 19న కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్ కచేరీలో కెండ్రిక్ ‘నాట్ లైక్ అస్’ను వరసగా ఐదుసార్లు పాడాడు. ఆ దృశ్యాలు చూసిన వారానికి, రెండోసారి వేయమని ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి అడిగింది. కుదరదన్నాను. కాసేపటికి ఆమే ఇంకో ఎనిమిది మందిని వెంటపెట్టుకుని వచ్చింది. అప్పటికే డెక్ మీద ‘ఎస్ప్రెస్సో’ నడుస్తోంది. మీటను మూడు శాతం కిందికి జరిపాను.