మాక్ టెస్టుల లెక్క పెంచితే చాలదండీ

రోజుకో మాక్ టెస్ట్ (నమూనా పరీక్ష) రాస్తే క్లాట్‌లో, అంటే జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్షలో, మంచి ర్యాంకు ఖాయమన్నట్టు ఒకరు పోస్టు రాశారు. నేను ఒప్పుకోను. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం ఉందనుకుంటాం గానీ, 450 పదాల దాకా ఉండే పాసేజీలు చదివే సమయమూ అందులోదే. మాక్ రాయడానికి పట్టినంత సేపూ దాన్ని సరిచూసుకోవడానికి కూర్చోవాలి. తప్పయినవాటితో పాటు గుడ్డిగా పెడితే ఒప్పయినవీ చూడాలి.

క్లాట్‌లో ఇచ్చిన సూత్రాన్ని సందర్భానికి వర్తింపజేసే లీగల్ రీజనింగ్ విభాగంలో పిల్లల్ని దెబ్బతీసేది అతి తెలివే. 'అనుమతి లేకుండా ఇతరుల స్థలంలో కాలుపెడితే అతిక్రమణే, ఉద్దేశంతో పనిలేదు' అని పాసేజీలో ఇచ్చారనుకోండి. బంతి కోసం పక్కింటి గోడ దూకిన కుర్రాడి గురించి ప్రశ్న వస్తుంది. పాపం చిన్నపిల్లాడు కదా అని జాలిపడ్డామో, మార్కు గోవిందా, పైగా పావు మార్కు కోత. అక్కడ ఇచ్చిన సూత్రమే చట్టం. కోచింగ్‌లో బట్టీపట్టిన సెక్షన్లు కూడా అప్పటికి పక్కన పెట్టాల్సిందే.

లెక్కలు 10 నుంచి 14 ప్రశ్నలే కదా అని సీఈసీ, హెచ్ఈసీ వాళ్లు వదిలేస్తుంటారు. అడిగేది పదో తరగతి స్థాయి శాతాలు, నిష్పత్తులే. ఎందుకు వదులుకోవడం?

ఇక మన రాష్ట్రాల లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌కూ ఇదే పద్ధతి సరిపోతుందని ఆ పోస్టులో అన్నారు, అదెలా కుదురుతుంది? అక్కడ 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టేసి రావాలి. ఆ అలవాటుతోనే క్లాట్‌కు వెళ్తే మాత్రం కొంప మునుగుతుంది. రెండూ రాసేవాళ్లు మాక్‌లు విడివిడిగా పెట్టుకోండి.