ఉత్తుత్తి ఇంజెక్షనూ కావాలి

ఇంట్లో పార్కిన్సన్స్ ముదిరిన పెద్దవాళ్ళుంటే వాట్సాప్‌లో ఒక రకం వీడియోలు వద్దన్నా వస్తాయి. మొదట ఒక పెద్దాయన గ్లాసు పట్టుకోలేక నీళ్ళన్నీ చొక్కా మీద ఒలకబోసుకుంటాడు. కాసేపటికి అదే మనిషి గ్లాసెత్తి గటగటా తాగేసి చెయ్యి ఊపుతాడు. మధ్యలో జరిగిందల్లా ఒక ఇంజెక్షన్. కొన్నిటిలో మూలకణాలు అంటారు, కొన్నిటిలో మెడ దగ్గర నరాల ముడికి మత్తుమందు, అంటే నర్వ్ బ్లాక్ అంటారు. కింద ఫోన్ నంబరూ, ప్యాకేజీ రేటూ ఉంటాయి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు నాన్నగారికి చేయిద్దామా అని అన్నదమ్ముల మధ్య చర్చ మొదలవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో, అంటే మందు లేని సూదితో, పోల్చి చూడని ఏ కొత్త వైద్యాన్నీ ఈ జబ్బులో నమ్మకూడదు. నిజాయితీగా పోల్చి చూస్తున్న చోట మాత్రం మన పెద్దల్ని వెనక్కి లాగకూడదు.

అలాంటి వీడియో మా ఇంట్లో నేను కూడా తీయగలను, ఏ ఇంజెక్షనూ లేకుండా. మాత్ర ప్రభావం దిగిపోగానే మా బాబాయికి వంటింటి గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. పిన్ని ఆయన కాలి ముందు తన పాదం అడ్డంగా పెట్టి ‘ఊఁ, దాటండి’ అంటుంది. అంతే, దాటేస్తారు. తర్వాతి డోసు ఎక్కాక ఆయనే కాఫీ కప్పు పట్టుకుని హాల్లో తిరుగుతారు. డాక్టర్లు వీటినే ‘ఆఫ్’, ‘ఆన్’ అంటారు. ఒక వీడియో ఆఫ్‌లో, ఒకటి ఆన్‌లో తీసి పక్కపక్కన పెడితే చాలు, అద్భుతం తయారు.

నర్వ్ బ్లాక్‌ని నేను మోసం అనడం లేదు. చేతి ఆపరేషన్లకీ, తగ్గని నొప్పులకీ రోజూ చేసేదే అది. నరంలో సంకేతాలు కొన్ని గంటలు ఆగిపోతాయి. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేవి మెదడు లోతుల్లో డోపమైన్ అనే, కదలికలకి అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కణాలు. మెడలో వేసిన సూది అక్కడేం చేస్తుందని అడగాల్సిందే. కానీ ఎలా పనిచేస్తుందో తెలియనంత మాత్రాన పనిచెయ్యదని కొట్టిపారేయలేం. 1952లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ అనే సర్జన్ ఒక పార్కిన్సన్స్ రోగికి ఆపరేషన్ చేస్తుంటే అనుకోకుండా ఒక చిన్న ధమని తెగింది. దాన్ని మూసేసి, తలపెట్టిన ఆపరేషన్ మధ్యలోనే ఆపేశాడు. తీరా చూస్తే రోగికి వణుకు పోయింది, చెయ్యీ కాలూ పడిపోలేదు. ఆ తర్వాత ఆయన మెదడు లోపలి భాగాల్లోకే ప్రోకెయిన్ మత్తుమందు, ఆపైన ఆల్కహాల్ ఎక్కించి చూశాడు. ఇవాళ్టి నర్వ్ బ్లాక్‌కి పెదనాన్న వరస అనుకోండి. 1960ల చివర్లో లెవోడోపా అనే మందు వచ్చాక అలాంటి ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి.

మరి పోలిక మీద ఇంత పట్టు ఎందుకంటే, ఈ జబ్బులో ఆశ కూడా మందులా పనిచేస్తుంది. మాటవరసకి అనడం లేదు. 2001లో వాంకూవర్ పరిశోధకులు పెట్ స్కాన్ తీసి చూస్తే, వట్టి ఉప్పునీటి ఇంజెక్షన్ వేసినా రోగుల మెదడులో డోపమైన్ విడుదలైంది. 2015లో సిన్సినాటీ వాళ్ళు ఇంకో చమత్కారం చేశారు. 12 మంది రోగులకి రెండుసార్లూ ఉప్పునీళ్ళే ఎక్కించి, ఒకటి 100 డాలర్ల మందనీ, ఇంకోటి 1500 డాలర్ల మందనీ చెప్పారు. ఖరీదైనది అనుకున్నదానికే కదలికలు ఎక్కువ మెరుగుపడ్డాయి! ప్యాకేజీ రేటు ఎంత పెంచితే అంత గుణం కనిపిస్తుందన్నమాట.

2001లోనే పిండకణాల మార్పిడి ఫలితాలూ వచ్చాయి. ముదిరిన జబ్బుతో ఉన్న 40 మందిలో 20 మందికి మెదడులో కణాలు పెట్టారు. మిగతా 20 మందికి పుర్రెకి చిల్లులు పెట్టి, లోపల ఏమీ పెట్టకుండా మూసేశారు. ఇది చెప్పగానే బాబాయి మండిపడ్డారు. ‘ఒరేయ్, తలకి చిల్లు పెట్టి ఊరికే పంపించేస్తారా? అదేం న్యాయంరా?’

న్యాయమైన కోపమే. అయితే వాళ్ళందరూ ముందే ఒప్పుకుని చేరినవాళ్ళు. కావాలన్నవాళ్ళకి ఏడాది తర్వాత అసలు ఆపరేషన్ కూడా చేశారు. ఏడాది చివర మీకెలా ఉందని రోగులనే అడిగితే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా కణాలు పెట్టించుకున్నవాళ్ళలో కొందరికి, మందులు తగ్గించినా ఆపినా ఆగని మెలికల కదలికలు పట్టుకున్నాయి. ఆ రెండో గుంపే లేకపోతే ఆ వైద్యం ఇవాళ ఏ మాల్ పక్కనో బోర్డు పెట్టుకుని నడుస్తుండేది.

నర్వ్ బ్లాక్‌కి చిల్లుల గొడవ లేదు, ఉప్పునీటి సూది సరిపోతుంది. కానీ అందులో ఒక చిక్కుంది. మెడలోని ఆ ముడికి మత్తు తగిలితే అదే వైపు కనురెప్ప కాస్త వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. అద్దంలో చూసుకున్న రోగికి తనకి పడింది అసలుదో కాదో తెలిసిపోతుంది. తెలిసిందంటే ఆశ మొదలు. అందుకే మీకేది పడిందనుకుంటున్నారని చివర్లో రోగులను అడిగారా లేదా అన్నది చూడాలి. ఈ విషయంలో డీబీఎస్, అంటే మెదడు లోపలికి కరెంటు పంపే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, అదృష్టం చేసుకుంది. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టాక రోగికి చెప్పకుండా మిషన్ ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి చూసుకోవచ్చు. అలా చూసే నిలబడింది.

అమెరికాలో మనవాళ్ళకి వేరే ఇబ్బంది ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మామూలుగా ఆరు నెలలే, కొన్ని ట్రయల్స్‌కి ఏడాది, రెండేళ్ళు ఫాలో అప్ కావాలి. ఇక్కడే స్థిరపడిన పెద్దలు చేరగలరు, చేరాలి కూడా. సరైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న వైద్యానికి రోగి దగ్గర డబ్బు తీసుకోవడం అరుదు. ప్రభుత్వ ట్రయల్స్ వెబ్‌సైట్‌లో పేరుంది కదా అని మురిసిపోవద్దు, డబ్బు కట్టించుకునేవాళ్ళూ అక్కడ పేరు నమోదు చేసుకుంటారు.

మన తెలుగు సంఘం కమిటీకి ఒక విన్నపం. మహాసభల హెల్త్ సెమినార్‌లో ఇలాంటి క్లినిక్‌కి మైకు ఇచ్చే ముందు, ఈ పత్రికలో వాళ్ళ ఫుల్ పేజీ యాడ్ వేసే ముందు, ఉత్తుత్తి గుంపు ఫలితాలేవని అడగండి. లేవంటే చెక్కు తిప్పి పంపండి. మహా అయితే బ్యాంక్వెట్ డిన్నర్‌లో ఒక స్వీటు తగ్గుతుంది.