వాతావరణ పటం ఇచ్ఛాపురం దగ్గర ఆగకూడదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఏ డాబా ఎక్కినా డిష్‌లు దక్షిణం వైపే మొహం పెట్టి కనిపిస్తాయి. సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నంలోనూ అంతే. దూరదర్శన్ ఉచితంగా ఇచ్చే ఫ్రీడిష్ అయితే కాస్త తూర్పుకు ఒరిగి ఉంటుంది. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం వైపు దాని చూపు. భూమితో సమానంగా ఉపగ్రహమూ తిరుగుతుంది గనుక ఒకసారి బిగించిన డిష్‌ను మళ్లీ కదపనక్కర్లేదు. కోతులు కదిపితే తప్ప.

అంత ఎత్తు నుంచి ఒడిశా ఏది, ఆంధ్ర ఏది? సిగ్నల్ రెండింటి మీదా పడుతుంది. రాష్ట్రాల గీత మళ్లీ కనబడేది టీవీ తెర మీదే. తెలుగు వార్తల్లో వాతావరణ పటం ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లే! ఒడియా చానల్లో గంజాం, గజపతి, రాయగడ జిల్లాలు ఉంటాయి గానీ, కింద పరుగెత్తే అక్షరాలు ఒడియా రాని మా పెద్దవాళ్లకు అర్థం కావు. మనవడు బడి నుంచి వచ్చి చదివి చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని, గజపతిని కలిపే కొట్టింది. గజపతి కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. తుఫాను నెత్తి మీదికొచ్చాక డీటీహెచ్‌ను నమ్ముకుని లాభం లేదు. డిష్‌కు అందే కేయూ బ్యాండ్ తరంగాల బలాన్ని భారీ వాన తినేస్తుంది, తెర మీద 'నో సిగ్నల్' అని వస్తుంది. కాబట్టి హెచ్చరిక ముందురోజే, తెలిసిన భాషలో చెవిన పడాలి.

ఇందుకోసం కొత్త చానల్ పెట్టమనడం లేదు. జంతువుల చానల్ చూస్తూ రిమోట్‌తో భాష మార్చుకుంటున్నాం కదా, అదే బొమ్మ, మాట మాత్రం తెలుగు. డిజిటల్ ప్రసారంలో ఒక బొమ్మకు రెండు మూడు ఆడియోలు జత చేయడం మామూలే. ఆ మాటకొస్తే 1975-76లో ఉపగ్రహంతో పల్లెలకు టీవీ చూపిన 'సైట్' ప్రయోగంలోనే అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ఒక బొమ్మతో రెండు ఆడియోలు మోసింది. ఆంధ్ర, ఒడిశా సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఆ కార్యక్రమాలు చేరాయి. యాభై ఏళ్ల కిందట కుదిరింది ఇప్పుడు కుదరదంటే ఎలా నమ్మడం?

దూరదర్శన్ ఒడియా కనీసం అక్టోబరు, నవంబరు నెలల్లో సాయంత్రం వాతావరణ వార్తకు తెలుగు ఆడియో ఇవ్వాలి. అనువదించే మనిషికి, చదివే మనిషికి జీతం, ఇంకాస్త బ్యాండ్‌విడ్త్, ఇవి ఖర్చే. కానీ చిన్న ఖర్చు. అది తేలేలోపు ఆంధ్ర దూరదర్శన్ చానల్ సప్తగిరి ఒక పని చేయొచ్చు. దాని ప్రసారం ఫ్రీడిష్‌లో మా ఇళ్లకు వస్తూనే ఉంది. పటాన్ని ఇచ్ఛాపురం దగ్గర కత్తిరించకుండా బరంపురం, గుణుపురం, రాయగడ దాకా చూపిస్తే చాలు.