వాగ్దాన కార్డు గారికి, వందనాలతో

అయ్యా వాగ్దాన కార్డు గారూ,

ప్రభువు నామంలో వందనాలు. డిసెంబర్ 31 రాత్రి బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు క్రైస్తవ సంఘం అద్దెకు తీసుకున్న హాల్లో, పన్నెండు కొట్టాక అందరం మోకాళ్ల మీంచి లేస్తుంటే, కొత్త ఏడాదికి దేవుడి వాగ్దానంగా తలా ఒక బైబిలు వచనం తీసుకోమని తిప్పే స్టీలు పళ్ళెంలో బోర్లా పడుకుని వచ్చారు మీరు. నిజానికి నేను ముందు తీసింది మిమ్మల్ని కాదు. ఆ మొదటి కార్డులో 'నా కృప నీకు చాలును' అని ఉంది. చాలుతుందా అండీ? ఏప్రిల్‌లో ఆఫీసులో జీతం తేల్చే అప్రైజల్, ఆపైన ఫ్లాటుకి అడ్వాన్స్ కట్టాలి. అందుకని దగ్గొచ్చినట్టు వంగి దాన్ని పళ్ళెంలోకి జార్చి మిమ్మల్ని తీశాను. మా ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. తను అప్పటికే ఒకటి మార్చింది మరి.

మీ మీద గులాబీ పువ్వు, కింద యిర్మీయా 29:11, 'సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు'. ప్రాణం లేచొచ్చింది. ఫోన్ కవర్లో పెట్టుకుని తిరిగాను, అప్రైజల్ మీటింగుకి ముందు బొటనవేలితో రుద్దాను కూడా. ఇదే పని పక్క ఫ్లాటాయన తాయెత్తుతో చేస్తే మూఢనమ్మకం, నేను చేస్తే విశ్వాసం. ప్రార్థన కూడా కౌంటర్లో కూపన్ పెట్టి నిలబడ్డట్టే: ప్రభువా, నువ్వే రాశావు, ఇదిగో కార్డు, ఇచ్చెయ్.

జీతంలో హైక్ రాలేదు. ఫ్లాటు ఇంకెవరో కొనుక్కున్నారు. మీ సంగతి తేల్చుకుందామని బైబిలు తీశాను, అక్కడే దొరికిపోయాను.

మీరసలు ఒక ఉత్తరంలోంచి చింపుకొచ్చిన ముక్క. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకి యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. మీకు సరిగ్గా పై వచనంలో 70 ఏళ్లు పడుతుందని ఉంది! అంటే అది చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంతూరు చూడరన్నమాట. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు, అబద్ధం చెప్పాడని యిర్మీయా మొహం మీదే అన్నాడు, ఆ ఏడాదే హనన్యా చనిపోయాడు. నిజం చెప్పండి, కార్డు మీద వేయడానికి హనన్యా మాటే బాగుంటుంది కదూ? మీ వాళ్ల కత్తెర కూడా మంచి పదును. యోహాను 16:33లో 'లోకములో మీకు శ్రమ కలుగును' అన్నది కత్తిరించేసి 'ధైర్యము తెచ్చుకొనుడి' ఒక్కటే వేస్తారు. ధైర్యం దేనికో చెప్పరు.

ఆ ఉత్తరంలోనే ఏడో వచనం: మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం. పన్నెండేళ్లుగా బెంగళూరు తిండి తింటున్నా ఈ ఊరి కోసం ఒక్క ప్రార్థన చేసిన గుర్తు లేదు నాకు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు కూడా నేనడిగింది, ట్యాంకర్ ముందు మా అపార్ట్‌మెంటుకే రావాలని. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని కూడా ఉంది అందులో. ఇళ్ల ముక్క ఆశగా మా ఆవిడకి చూపిస్తే, "ముందు బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్లు పొయ్యండి" అంది.

అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ తీసెయ్యమని ప్రభువుని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. బదులుగా దొరికింది, నేను పళ్ళెంలోకి జార్చేసిన ఆ కార్డే.

నరసాపురం నుంచి మా అమ్మ రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్లో ప్రార్థన చేస్తుంది. నేను స్పీకర్లో పెట్టి లాప్‌టాప్ చూసుకుంటూ మధ్యమధ్య 'స్తోత్రం' అంటుంటాను. మొన్న కరెంటు పోయి, గతిలేక విన్నాను. మోకాలు ఎక్కడ పట్టేసిందో, పక్కింటి కోడలికి ఆడపిల్ల ఎన్ని గంటలకి పుట్టిందో, నాన్న మంచం మీద ఇప్పుడు బియ్యం బస్తా ఎందుకు పెట్టిందో, అన్నీ చెప్పుకుంది. అడక్కముందే మీకేం కావాలో తండ్రికి తెలుసని మత్తయి ఆరో అధ్యాయంలో ఉన్నా సరే, ఆయనకేమీ తెలియనట్టే పూసగుచ్చినట్టు చెప్పింది. చివర్లో "సరే నాయనా, ఉంటాను, ఆమేన్".

"ఏమీ అడగలేదేంటే అమ్మా?" అన్నాను.

"రోజూ మాట్లాడుకునేవాళ్లని ప్రతిసారీ అడుగుతామేంట్రా? హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వూ అంతే, డబ్బులైపోతేనే ఫోను."

మీ గులాబీ వెలిసిపోయింది, చివర్లు చెమటకి మడతపడ్డాయి. డిసెంబర్‌లో పళ్ళెం మళ్లీ వస్తుంది. ఈసారి చేతికొచ్చిందే ఉంచుకుంటానని మాటిచ్చేవాణ్నే, కానీ ఏప్రిల్‌లో మళ్లీ అప్రైజల్ ఉందండీ.

ఇట్లు,
పళ్ళెంలో రెండుసార్లు చెయ్యి పెట్టినవాడు